తీగ కింద బండి, తెర మీద బండి

ట్రాముని కళ్ళతో చూడ్డానికి చాలా ఏళ్ళ ముందే నేను చెవులతో విన్నాను. శ్రీకాకుళం జిల్లాలో మాదొక చిన్న ఊరు. రైలెక్కాలన్నా ముందు బస్సెక్కాలి. అలాంటి చోట మా పెదనాన్న రేడియోలో వివిధభారతి పెట్టినప్పుడల్లా ‘సి.ఐ.డి.’ సినిమా పాట ఒకటి వస్తుండేది. 1956 నాటి సినిమా. ఓ.పి. నయ్యర్ బాణీ, రఫీ, గీతాదత్ గొంతులు, తెర మీద జానీ వాకర్. బొంబాయిలో బతకడం ఎంత కష్టమో చెప్పే ఆ పాటలో మజ్రూహ్ సుల్తాన్‌పురి బిల్డింగుల్నీ మోటార్లనీ మిల్లుల్నీ వరసపెట్టి చెబుతూ ట్రాముల్ని కూడా అందులో కలిపేశాడు. మాకు హిందీ అంతంతమాత్రం. మోటారు తెలుసు, మిల్లు తెలుసు, ఈ ట్రాము ఒక్కటే తెలీదు.

“ట్రామంటే ఏటి పెదనాన్నా?”

“రోడ్డు మీద ఎల్లే రైలురా,” అన్నాడు. అని ఊరుకుంటే ఆయన మా పెదనాన్న ఎందుకవుతాడు? లేచి నిలబడి, పైన లేని తాడుని ఒక చేత్తో పట్టుకుని, కాలితో గంట కొడుతూ అరుగంతా తిరిగి చూపించాడు.

కుర్రతనంలో ఆయన వేషాల కోసం మద్రాసు వెళ్ళాడు. యుద్ధం అయిపోయిన కొత్తలో. నాటకాల్లో అర్జునుడు వేసేవాడు, పద్యం బాగా ఎత్తేవాడు. అవి చాలనుకున్నాడు. మద్రాసుకి అవి చాల్లేదు. చేతిలో డబ్బులైపోయాక తిరిగొచ్చేసి కొబ్బరితోట చూసుకున్నాడు. కానీ మద్రాసు కబుర్లు మాత్రం చనిపోయేదాకా చెప్పాడు. వాటిలో సగం సినిమావాళ్ళవి, సగం ట్రాములవి. రెండూ కలిసిన కబురు ఒకటుండేది. మౌంట్ రోడ్డు మీద ట్రాములో పోతుంటే పక్క సీట్లో ఒక పెద్ద నటుడు వచ్చి కూర్చున్నాడట, ఈయన పద్యం విని మెచ్చుకున్నాడట. చెప్పిన ప్రతిసారీ పక్క సీట్లో మనిషి మారిపోయేవాడు. ఒకసారి నాగయ్యగారు, ఇంకోసారి సి.ఎస్.ఆర్. పద్యం మాత్రం మారేది కాదు. మా పెద్దమ్మ లోపల్నుంచి “ఈసారెవురు కూకున్నారో” అనేది.

మన దేశంలో కరెంటు ట్రాము మొట్టమొదట నడిచింది మద్రాసులోనే, 1895లో. 1953 ఏప్రిల్లో ఆపేశారు. అదే ఏడాది ‘దేవదాసు’ వచ్చింది. అంటే తెలుగు సినిమాకి మద్రాసులో మంచిరోజులు నడుస్తున్న వేళకి ట్రాముకి రోజులు చెల్లాయి. మన పాత సినిమాల్లో మద్రాసు ట్రాము కోసం నేను చాలా వెతికాను. దొరకడం కష్టం. అప్పట్లో మనవాళ్ళు రోడ్డు మీద తీసింది తక్కువ, స్టూడియో ఫ్లోర్ మీద తీసింది ఎక్కువ. పాతాళానికి సెట్ వేశారు, ఇంద్రలోకానికి సెట్ వేశారు. గేటు దాటితే ఉన్న ఊరిని తియ్యాలని ఎవరికీ పెద్దగా తోచినట్టు లేదు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి దేశం మొత్తమ్మీద ట్రాములు మిగిలింది కలకత్తాలోనే. బొంబాయిలో 1964 మార్చి 31తో సరి. ఢిల్లీ కథ కూడా ఇంచుమించు అప్పుడే ముగిసింది. నాది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం, 1986లో మొదటి పోస్టింగు కలకత్తాకి పడింది. ఇంట్లో ఎవరూ కంగారు పడలేదు. శరత్ నవలలు తెలుగులో చదివి చదివి మా అమ్మకి ఆ ఊరు విజయనగరం కంటే బాగా తెలుసు. పెదనాన్న మాత్రం, “అక్కడింకా ట్రామున్నాదట, ముందు సీట్లో కూకో,” అన్నాడు.

లేక్ మార్కెట్ దగ్గర మెస్సులో దిగాను. రాష్‌బిహారీ ఎవెన్యూలో ఆ పక్కంతా దక్షిణాది వాళ్ళే. పొద్దున్నే మల్లెపూలు, అరిటాకులు, ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ. మేడమీద గది, కిటికీ కింద ట్రాము. తెల్లవారకముందే మొదటి బండి వచ్చేది. ముందు పట్టాల్లో సన్నగా ఒక గరగర, ఆ తర్వాత తీగలో ఒక జలదరింపు, చివరికి ఠంగు ఠంగుమని డ్రైవరు కాలితో తొక్కే గంట. మంచం దిగకుండానే టైమెంతో తెలిసిపోయేది.

రెండు పెట్టెల బండి. ముందుది ఫస్ట్ క్లాసు, అందులో ఫ్యాన్లుండేవి. వెనకది సెకండ్ క్లాసు, అందులో గాలి దానంతటదే రావాల్సి ఉండేది. రెండింటి టికెట్లకీ తేడా కొద్ది పైసలే. అయినా ఎవరు ఏ పెట్టె ఎక్కుతారో దాన్ని బట్టి మనిషి అంచనా తేలిపోయేది. నెల మొదట్లో ముందు పెట్టెలో కనిపించే గుమస్తాలు ఇరవయ్యో తారీకు దాటాక వెనక పెట్టెలో కనిపించేవారు. ఎవరూ ఎవర్నీ చూడనట్టే ఉండేవారు. కండక్టరు నోట్లని నిలువుగా మడిచి వేళ్ళ సందుల్లో పెట్టుకునేవాడు. “టికెట్” అని నోరు విప్పి అడిగేవాడు కాదు. టికెట్ల కట్ట అంచు మీద బొటనవేలు రాస్తే కర్ర్ మని చప్పుడొచ్చేది, ఆ చప్పుడుకే చేతులు జేబుల్లోకి పోయేవి.

అప్పుడప్పుడు మలుపులో, పైన తీగ నుంచి కరెంటు అందుకునే కడ్డీ జారిపోయేది. ట్రామంతటికీ ప్రాణం ఆ కడ్డీలోనే. అది తప్పితే ఫ్యాన్లు ఆగిపోతాయి, దీపాలు పోతాయి, ఉన్నచోటే నిలబడిపోతుంది. కండక్టరు దిగి, వెనక కట్టి ఉన్న తాడు పట్టుకుని, తలెత్తి, ఒక కన్ను మూసి, కడ్డీ కొసని తీగకి గురిపెట్టేవాడు. ఒకసారి తప్పేది, రెండోసారి తప్పేది, మూడోసారి నీలంగా ఒక మెరుపు మెరిసి దీపాలు వెలిగేవి. లోపలున్నవాళ్ళెవరూ పేపరు మీద నుంచి తల ఎత్తేవారు కాదు. నేనొక్కణ్ణే కిటికీలోంచి సగం బయటికి వంగి చూసేవాణ్ణి.

డల్హౌసీలో ఆఫీసు. మా సెక్షన్లో నాకంటే చాలా పెద్దాయన ఒకాయన ఉండేవారు, అందరికీ దాదా. లెక్కల ఫైలు పట్టుకుంటే నిద్రపోయే మనిషి, సినిమా మాట ఎత్తితే చాలు కుర్చీ నా టేబుల్ పక్కకి లాక్కునేవారు. ఫిల్మ్ సొసైటీలో పాత సభ్యుడు. నాకు ట్రాము పిచ్చి ఉందని కనిపెట్టి ఒక శనివారం నందన్ సినిమా హాలుకి తీసుకెళ్ళారు. అప్పటికి నందన్ కట్టి ఎన్నాళ్ళో కాలేదు. ఆ రోజు వేసింది సత్యజిత్ రాయ్ ‘మహానగర్’. 1963 సినిమా, కథ నరేంద్రనాథ్ మిత్రది. ఆ మరుసటేడు బెర్లిన్ చిత్రోత్సవంలో రాయ్‌కి ఉత్తమ దర్శకుడిగా వెండి ఎలుగుబంటి బహుమతి తెచ్చిపెట్టిన సినిమా.

పేర్లు పడుతున్నంతసేపూ తెర మీద ఒక్కటే ఉంటుంది. ట్రాము నెత్తి మీద కడ్డీ, తీగ మీద జారుతూ పోయే దాని కొస. ఊరు కనపడదు, మనిషి కనపడడు, వెనక ఆకాశం. ఉండుండి ఒక మెరుపు. పేర్లన్నీ అయ్యాక బండి లోపల, ఆఫీసు నుంచి ఇంటికి పోతూ అలిసిపోయి కూర్చున్న సుబ్రత, అంటే అనిల్ చటర్జీ. అతని జీతం ఇంటికి చాలదు. భార్య ఆరతి ఉద్యోగంలో చేరి, ఇంటింటికీ తిరిగి అల్లిక మిషన్లు అమ్ముతుంది. మాధవీ ముఖర్జీ ఆ పాత్రకే పుట్టినట్టుంటుంది. ఆ తర్వాత సుబ్రత పనిచేసే బ్యాంకు మునిగిపోతుంది. ఇంటిల్లిపాదీ ఆరతి జీతం మీద పడతారు.

హాల్లోంచి బయటికొచ్చాక దాదా సిగరెట్ ముట్టించి, “చూశావా, మనిషిని చూపించకముందే వాణ్ణి రోజూ ఈడ్చుకుపోయే దాన్ని చూపించాడు,” అన్నారు.

నాకు ఆ మాట కంటే ఆ కడ్డీయే బుర్రలో ఉండిపోయింది. నేను కిటికీలోంచి వంగి వంగి చూసేదాన్నే ఆయన సినిమాకి మొదటి బొమ్మగా పెట్టాడు. పైగా అందులో అందం కోసం పెట్టిందేమీ లేదు. తీగ తప్పితే దీపాలు పోతాయి, జీతం తప్పితే ఇల్లు చీకటవుతుంది. ఆ ఊళ్ళో నెలజీతం మీద బతికే ఏ గుమస్తాకీ ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

దాదా చెప్పిన ఇంకో సంగతి వింటే అది ఎందుకో అర్థమవుతుంది. ఆయన చదువుకునే రోజుల్లో, 1953లో, ట్రాము సెకండ్ క్లాసు టికెట్ మీద ఒక్క పైసా పెంచారు. అప్పటికింకా ట్రాములు బ్రిటిష్ కంపెనీ చేతిలోనే ఉన్నాయి. ఆ పైసా కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కింది. జనం టికెట్ కొనడం మానేశారు, ట్రాములు తగలబడ్డాయి, పోలీసులు కాల్పులు జరిపారు. చివరికి పెంపు ఆపక తప్పలేదు. “ఒక్క పైసాకా?” అని అడిగాను. “పోనూ రానూ రెండు పైసలు,” అన్నారు దాదా.

కొన్నాళ్ళకి మృణాల్ సేన్ ‘ఇంటర్వ్యూ’ చూశాం. 1971 సినిమా. ఇందులో హీరో రంజిత్ మల్లిక్ ట్రాములో నిలబడి ఉంటాడు. పక్కన ఒకమ్మాయి సినిమా పత్రిక తిరగేస్తుంటే అందులో అతని ఫోటో కనపడుతుంది. ఆ అమ్మాయి ఫోటోనీ అతన్నీ మార్చి మార్చి చూస్తుంది. అప్పుడతను తిన్నగా కెమెరా వైపు తిరిగి, అంటే మనవైపే తిరిగి, నేను స్టార్‌ని కాదండీ, నా పేరు నిజంగానే రంజిత్ మల్లిక్, మృణాల్ సేన్ అనే ఆయన నా వెంట పడి ఇదంతా తీస్తున్నాడు అని సంజాయిషీ చెప్పుకుంటాడు. ఇందులో మా అమ్మగా వేసినావిడ మా అమ్మ కాదు, ఆవిడ కరుణా బెనర్జీ, ‘పథేర్ పాంచాలి’లో మీరు చూసే ఉంటారు అని కూడా చెబుతాడు. ఆ రద్దీలోనే కెమెరా పట్టుకున్న కె.కె. మహాజన్‌ని కూడా చూపించేస్తారు. నేను పగలబడి నవ్వాను. ఒక మామూలు కుర్రాడు ఉద్యోగం ఇంటర్వ్యూకి కోటూ ప్యాంటూ దొరక్క ఊరంతా తిరిగే కథ అది. అతను సినిమా హీరోనా, ట్రాములో మన పక్కన నిలబడ్డ మనిషా అన్న ప్రశ్న వేయడానికి ట్రాము కంటే మంచి చోటు ఆ ఊళ్ళో లేదు. నిజానికి అప్పుడు నాకు మా పెదనాన్న పక్క సీటు గుర్తొచ్చింది.

ఆ రెండు సినిమాల తర్వాత నాకొక పిచ్చి లెక్క పట్టుకుంది, ఇప్పటికీ వదల్లేదు. ఏ సినిమాలో ట్రాము కనిపించినా, కెమెరా బయటుందా లోపలుందా అని చూస్తాను. బయటి ఊరివాళ్ళు తీస్తే కెమెరా రోడ్డు మీద ఉంటుంది. హౌరా బ్రిడ్జి ఒక షాటు, పసుపు ట్యాక్సీ ఒక షాటు, ట్రాము ఒక షాటు, ఇది కలకత్తా అని మనకి తెలిసిపోతుంది, ఇక కథలోకి వెళ్ళిపోతారు. ఊరివాళ్ళు తీస్తే కెమెరా ట్రాము ఎక్కుతుంది, టికెట్ కొంటుంది, చెమట పడుతుంది. అందరూ అంతేనని కాదు, మినహాయింపులు నాకూ తెలుసు. కానీ ఈ లెక్క తప్పిన సినిమాల కంటే సరిపోయినవే ఎక్కువ చూశాను.

ట్రాముకీ సినిమాకీ తెర బయట కూడా చుట్టరికం ఉంది. శ్యామ్‌బజార్ నుంచి ఎస్ప్లనేడ్‌కి వచ్చే 5వ నంబరు ట్రాము ఎక్కితే ఈ చివర నుంచి ఆ చివరకి సినిమా హాళ్ళే ఉండేవి. బిధాన్ సరణి మీద హాతీబగాన్ దగ్గర శ్రీ, ఉత్తర, దర్పణ, మిత్ర, రూపవాణి. మిత్ర అసలు పేరు చిత్ర, న్యూ థియేటర్స్ వాళ్ళు కట్టుకున్న హాలు, 1930లో సుభాష్ చంద్ర బోస్ తెరిచారు. అటు దిగితే కాలేజ్ స్ట్రీట్‌లో పుస్తకాలు, ఇంకా అటు దిగితే ఎస్ప్లనేడ్‌లో మెట్రో, లైట్‌హౌస్, న్యూ ఎంపైర్, గ్లోబ్. పోస్టర్లన్నీ ట్రాము కిటికీ ఎత్తులో ఉండేవి. మెల్లగా పోయే బండి కాబట్టి హీరో పేరే కాదు, కింద చిన్నక్షరాల్లో ఉన్న సంగీత దర్శకుడి పేరు కూడా చదువుకోవచ్చు. మాట్నీకైనా ఫస్ట్ షోకైనా ట్రాములోనే పోయి ట్రాములోనే వచ్చేవాళ్ళం. సెకండ్ షో అయితే మాత్రం నడకే. వానాకాలంలో ఠన్‌ఠనియా దగ్గర మోకాలి లోతు నీళ్ళు నిలిస్తే ట్రాములు ఎక్కడివక్కడ వరసగా ఆగిపోయేవి. అప్పుడూ నడకే.

‘డాక్టర్ జివాగో’ కూడా అలాగే చూశాను. చివర్లో ట్రాములో పోతున్న జివాగోకి కిటికీలోంచి లారా కనిపిస్తుంది. ఎలాగో దిగి, ఆవిడ వెనక పరిగెత్తబోయి, రోడ్డు మీదే కూలిపోతాడు. ఆవిడ వెనక్కి చూడదు. మాస్కో వీధినీ ట్రామునీ మాడ్రిడ్ దగ్గర సెట్ వేసి తీశారని ఆ తర్వాత తెలిసింది. తెలిసినా నాకేం తగ్గలేదు. దిగాల్సిన చోట దిగలేకపోవడం అనే బాధ రద్దీ ట్రాము ఎక్కిన ప్రతివాడికీ తెలుసు, దానికి సెట్ అయితేనేం.

అమ్మ ఒక చలికాలం నాతో కొన్నాళ్ళు ఉండడానికి వచ్చింది. శరత్ రాసిన ఊరు కదా, తెగ సంబరపడిపోయింది. కాళీఘాట్ చూపించి, అక్కడ్నుంచి ట్రాము ఎక్కించాను, ముందు పెట్టెలోనే. కాసేపు కొంగు సర్దుకుని బుద్ధిగా కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా నా చెవి దగ్గరకొచ్చి, “ఇదేట్రా, మనం నడిసెల్లినా దీనికంటే ముందే ఎల్తాం కదా,” అంది. కిటికీలోంచి ఒకావిడ చేపలు బేరమాడ్డం మొదట్నుంచి చివరిదాకా చూసింది. ఎంతకి తెగిందో కూడా నాకు చెప్పింది, బెంగాలీ ఒక్క ముక్క రాకుండానే. దిగేటప్పుడు మాత్రం, “అత్తవారింటికి ఎడ్లబండి మీద పంపినట్టే ఉన్నాదిరా నాయనా, నడుం నెప్పి లేదు,” అంది. సరిగ్గా ఆ రోడ్డు మీదే, దేశప్రియ పార్కు దగ్గర, 1954 అక్టోబర్‌లో కవి జీవనానంద దాస్‌ని ట్రాము గుద్దిందనీ, వారం తిరిగాక ఆయన ఆస్పత్రిలో పోయారనీ అమ్మకి చెప్పలేదు. ఇంత మెల్లగా పోయే బండి కింద పడి ఒక కవి చచ్చిపోయాడంటే నమ్మడం నాకే కష్టంగా ఉండేది.

ఇక షూటింగ్ సంగతి. ఒక ఆదివారం పొద్దున్న దాదాతో కలిసి మైదాన్ వైపు నడకకి వెళ్ళాను. ఖిదిర్‌పూర్ వెళ్ళే 36వ నంబరు ట్రాము అటే పోయేది. చెట్ల కింద, గడ్డి పక్కనుంచి, మోటార్ల గొడవ లేకుండా. కలకత్తాలో మొదటి కరెంటు ట్రాము కూడా ఎస్ప్లనేడ్ నుంచి ఆ ఖిదిర్‌పూర్‌కే వెళ్ళింది, 1902లో. మంచు ఇంకా విడలేదు. ఒక ట్రాము చుట్టూ రిఫ్లెక్టర్లు, గొడుగులు, టీ గ్లాసులు. ఏదో హిందీ సినిమా. హీరో పరిగెత్తుకొచ్చి కదిలే ట్రాము పట్టుకోవాలి, లోపల హీరోయిన్ కిటికీ దగ్గర కూర్చుని ఉంటుంది. కెమెరా ఎక్కడుందో చెప్పక్కర్లేదు, రోడ్డు మీదే.

మొదటిసారి హీరో చెయ్యి జారింది. డైరెక్టరు మైకులో “వన్ మోర్” అన్నాడు. ట్రాము వెనక్కి రావాలి. డ్రైవరు దిగి బీడీ వెలిగించాడు. అసిస్టెంటు కుర్రాడు డ్రైవరు దగ్గరకొచ్చి “దాదా, రివర్స్ తీయండి” అన్నాడు. ఆయన వాడి ముఖంలోకి చూసి, “దీనికి రివర్స్ లేదు బాబూ,” అన్నాడు. కలకత్తా ట్రాముకి ఒక మొహమే. కారులా వెనక్కి తీస్తే కుదరదు, చివరిదాకా పోయి, అక్కడ గుండ్రంగా వేసిన పట్టాల మీద చుట్టు తిరిగి రావాల్సిందే. ఒక్క రీటేక్ కోసం ఖిదిర్‌పూర్ వెళ్ళి, తిరిగి ఇటు ఎస్ప్లనేడ్ వెళ్ళి, మళ్ళీ ఇక్కడికి రావాలి. ఈ లోపల ఎండెక్కింది, మంచు పోయింది, మొదట తీసిన షాటుకీ దీనికీ పొంతన లేదు. డైరెక్టరు టోపీ తీసి నేలకి కొట్టాడు.

అంతటితో అయిపోలేదు. పట్టాల మీద బండి కాబట్టి వెనకొచ్చే ట్రాము దీన్ని దాటిపోలేదు. షూటింగ్ ట్రాము ఆగితే వెనక మామూలు సర్వీసు ట్రాము ఆగింది, దాని వెనక ఇంకోటి. జనం దిగి తిట్టడానికి వచ్చారు. హీరోని చూసి తిట్టడం మానేశారు.

అప్పుడు జరిగింది నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. డైరెక్టరు మానిటర్లాంటివి ఏవీ లేని రోజులు, కెమెరామన్ కన్ను తీసి, లోపల కూర్చున్నవాళ్ళు బాగాలేరు అన్నాడు. డబ్బులిచ్చి తెచ్చిన జూనియర్ ఆర్టిస్టులు. అందరూ చక్కగా తలదువ్వుకుని, కిటికీల్లోంచి బయటికి ముచ్చటగా చూస్తున్నారు. రోజూ ట్రాములో పోయేవాడు అలా చూడడు. వాడు పేపరు చదువుతాడు, లేదా కునుకు తీస్తాడు, లేదా ఎదుటివాడి బూట్లు చూస్తాడు. వాళ్ళని దింపేసి, వెనక ట్రాముల్లోంచి తిట్టడానికి వచ్చినవాళ్ళనే ఎక్కించారు. దాదాని కూడా పిలిచారు. ఆయన చేతిలో ఉన్న బజారు సంచీతో సహా వెళ్ళి కూర్చుని, కెమెరా తిరగకముందే నిజంగా నిద్రపోయారు. నేనూ ఎక్కబోయాను. అసిస్టెంటు నన్ను ఎగాదిగా చూసి, “మీరొద్దు సార్, మీరు అన్నీ చూస్తున్నారు,” అన్నాడు.

ఆ సినిమా విడుదలయ్యాక వెళ్ళి చూశాం. ఆ షాటు కత్తిరించేశారు. దాదాకి కోపం రాలేదు గానీ, ఆ హీరో సినిమాకి మళ్ళీ రాలేదు.

టాలీగంజ్ వైపు స్టూడియోలకి కూడా ఒకట్రెండుసార్లు దాదా తీసుకెళ్ళారు. గేటు దగ్గర నిలబడి, “మీ సినిమా మా ఊళ్ళోనే నడక నేర్చుకుంది, తెలుసా?” అన్నారు ఒకసారి. బెంగాలీల గొప్పలు అనుకున్నాను. కానీ కొంత నిజం. 1934లో వచ్చిన మన ‘లవకుశ’ని తీసింది కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీ. దర్శకుడు సి. పుల్లయ్య, రాముడు పారుపల్లి సుబ్బారావు, సీత శ్రీరంజని. అంతకుముందు ఏడాది ‘సావిత్రి’ కూడా అదే కంపెనీ, అదే దర్శకుడు. గోదావరి జిల్లాల నుంచి, కృష్ణ నుంచి నాటకాల వాళ్ళంతా మూటాముల్లే సర్దుకుని హౌరాలో దిగి, అక్కడే నెలల తరబడి ఉండి, పని ముగించుకుని వెళ్ళారు. షూటింగ్ లేని సాయంత్రాల్లో వాళ్ళు ట్రాము ఎక్కకుండా ఉంటారా? రాముడూ సీతా లవకుశులూ వరసగా కూర్చుని ఎస్ప్లనేడ్ వెళ్తున్నట్టు నేను చాలాసార్లు ఊహించుకున్నాను. సాక్ష్యం లేదు, ఊహే. పెదనాన్న పోలిక కొంత వచ్చినట్టుంది నాకు.

తర్వాత విశాఖపట్నం బదిలీ అయింది. 1998లో ‘చూడాలని ఉంది’ వచ్చినప్పుడు సెలవుకి ఊరెళ్ళి, శ్రీకాకుళంలో మేనల్లుళ్ళతో కలిసి చూశాను. గుణశేఖర్ సినిమా, కలకత్తాలో కథ. వేటూరి రాసి, మణిశర్మ బాణీ కట్టి, హరిహరన్ పాడిన ‘యమహా నగరి’ మొదలవగానే హాలంతా ఈలలు. చిరంజీవిని చూసి జనం అరుస్తుంటే నేను ఆయన భుజం వెనక ఏ వీధి అది, పైన తీగలున్నాయా అని మెడ చాచి చూస్తున్నాను. చిన్న మేనల్లుడు, “మావయ్యా, నీకు కనపడ్డం లేదా, ముందుకెల్లి కూకుందామా?” అన్నాడు పాపం. ఆ పాటలో వేటూరి హౌరా వారధికి దండం పెట్టాడు. 1943లో ఆ వంతెన తెరిచినప్పుడు దాని మీద మొదట పోయింది ఒక ట్రాము. 1993లో వంతెన మీద ట్రాములు ఆపేశారు, అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఈ సంగతి హాల్లో ఎవరికైనా చెబుదామనిపించింది. చిరంజీవి పాట మధ్యలో ఎవరు వింటారు?

అది బయటి నుంచి చూసిన కలకత్తాయే, నా లెక్క ప్రకారం. కానీ ఆ రోజు నేనూ బయటే ఉన్నాను కాబట్టి ఎత్తిపొడవలేదు. ఆ పాట మా ఊళ్ళో చేసిన పనిని రాయ్ సినిమా చెయ్యలేదు. కలకత్తాలో నేనేం చూశానో ఎన్నేళ్ళు చెప్పినా వినని మా వాళ్ళు, ఆ పాట విన్నాక “నువ్వున్నది ఆ ఊళ్ళోనే కదా” అని కుర్చీ వేసి కూర్చోబెట్టి అడిగారు.

తర్వాత ‘కహానీ’ వచ్చింది, 2012లో. అది కలకత్తా తెలిసినవాళ్ళ సినిమాయే. 1940ల కలకత్తాని తిరిగి కట్టిన సినిమాలూ వచ్చాయి, ట్రాము లేకుండా ఆ కాలం ఎవరికీ కుదరదు కదా. ఈమధ్య మా అబ్బాయి ఫోన్లో ఇంకోటి చూపించాడు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కో మార్కెట్ స్ట్రీట్‌లో కేబుల్ కారు ముందు కెమెరా పెట్టి తీసిన బొమ్మ. కథ లేదు, హీరో లేడు, బండి పోతూ ఉంటుంది, గుర్రాలు, మోటార్లు, కుర్రాళ్ళు అడ్డొస్తూ ఉంటారు. అది తీసిన కొద్ది రోజులకే భూకంపం వచ్చి ఆ వీధి చాలావరకు నాశనమైంది. సినిమాకి నడవడం రాని రోజుల్లో దాన్ని ఎక్కించుకుని తిప్పింది ఇలాంటి బళ్ళే. కెమెరా కింద పట్టాలు వేసి ట్రాలీ షాట్ అని మనవాళ్ళు ఇప్పటికీ పడే తిప్పలన్నీ ఆ బండి ఒక్క టికెట్‌తో చేసిపెట్టింది.

2023 ఫిబ్రవరితో కలకత్తాలో ట్రాము పుట్టి 150 ఏళ్ళు. మొదటిది 1873లో శియాల్దా నుంచి అర్మేనియన్ ఘాట్ దాకా గుర్రాలు లాగిన బండి. 2024 సెప్టెంబర్‌లో అక్కడి రవాణా మంత్రి, ఎస్ప్లనేడ్ నుంచి మైదాన్ దాకా ముచ్చట కోసం ఒక్కటి ఉంచి మిగతావి ఆపేస్తామని చెప్పారు. ఉంచేదేమో షూటింగులు జరిగే దారి. ఆపేసేదేమో గుమస్తాలు పోయే దారి. సినిమావాళ్ళకి కష్టమేం లేదు, రోడ్డు మీద కెమెరా పెట్టుకోవడానికి ఆ ఒక్క ట్రాము చాలు. ‘మహానగర్’ లాంటిది మళ్ళీ తియ్యాలనుకునేవాడికి మాత్రం సుబ్రతని ఎందులో కూర్చోబెట్టాలో తెలీదు. మెట్రోలో కూర్చోబెడితే కిటికీ బయట చీకటి తప్ప ఏముంటుంది?

మా ఆవిడకి నాతో సినిమా చూడ్డం విసుగు. ఆ మధ్య టీవీలో ఏదో పాతకాలపు కథ వస్తోంది, సెట్ వేసి తీశారు, వీధిలో ఒక ట్రాము నిలబెట్టారు. రంగు బాగుంది, కిటికీలు బాగున్నాయి, నంబరు బోర్డు కూడా పెట్టారు. హీరోయిన్ ఏడుస్తోంది. నేను ఉండబట్టలేక, “కడ్డీ ముందుకి వాలి ఉంది, చూశావా? కడ్డీ ఎప్పుడూ వెనక్కి వాలాలి. ఈ బండి కదిలిందంటే తీగ తెంపుకుంటుంది,” అన్నాను. “అది కదలదు లెండి, అట్టముక్క,” అని సౌండు పెంచింది.

‘మహానగర్’ ఇప్పుడు ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. చూసేవాళ్ళకి ఒక్క మాట: మొదట్లో ఉన్నవి పేర్లే కదా అని ముందుకి జరిపెయ్యకండి.